మా పాప భయానికి కౌన్సెలింగ్: పొగతోట అనుభవం

మా పాపకి తొమ్మిదేళ్లు, పరీక్ష అంటే చాలు కడుపునొప్పి, ఏడుపు. "ఏం కాదులే, భయమెందుకు" అని మేం ఎంత చెబితే అంత ఎక్కువయ్యేది. నెల్లూరు పొగతోటలో ఒక కౌన్సెలర్ దగ్గరికి ఆరు వారాలు తిప్పాం. ఆవిడ చేసేది యాక్ట్ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) అట, 1980ల్లో అమెరికాలో స్టీవెన్ హేస్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి. భయాన్ని తరిమేయడం కాదు, దాన్ని ఉండనిచ్చి మన పని మనం చేసుకోవడం. మైపాడు బీచ్‌లో అలల్ని ఆపగలవా అని అడిగి, భయానికి ఒక పేరు పెట్టమన్నారు. మా పిల్ల "గుబులమ్మ" అని పెట్టింది! మొన్న లెక్కల పరీక్షకి వెళ్తూ "గుబులమ్మ కూడా వస్తోంది నాన్నా, రానీలే" అంది. కడుపునొప్పి పూర్తిగా పోలేదు, కానీ స్కూలు మానడం లేదు. ఒక్కటే చిరాకు, ఐదింటికి రమ్మని ఆరున్నర దాకా బెంచీ మీద కూర్చోబెడతారు, పిల్లకి తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి.