లైబ్రరీలో సిటిజన్‌షిప్ క్లాసు: చాలాకాలం వెళ్లాక నా అభిప్రాయం

టెక్సాస్‌లో మేముండే ఊరి పబ్లిక్ లైబ్రరీలో వారానికోసారి సాయంత్రం పూట సిటిజన్‌షిప్ పరీక్షకి క్లాసు పెడతారు. ఫీజు లేదు, పేరు రాయించుకుంటే చాలు. మొదట నా పరీక్ష కోసమే వెళ్లాను. ఏళ్ల తర్వాత మా అత్తగారి వంతు వచ్చినప్పుడు ఆవిడతో పాటు మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చే తెలుగువాళ్లకి పక్కనుండి సాయం చేస్తున్నాను. నేను చూసినంతలో మనవాళ్లని ఇంగ్లిష్ కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది స్కూల్లో చదువుకున్న మన పౌరశాస్త్రమే. ఆ చిక్కు విప్పడంలో ఈ క్లాసు భేషుగ్గా పనికొస్తుంది. మిగతా విషయాల్లో అంతంత మాత్రం.

జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన వస్తుంటారు. భారత రాజ్యాంగం ఆయనకి కంఠతా వచ్చు. దాంతో ప్రతి జవాబూ ఢిల్లీ మీదుగానే వస్తుంది. కేబినెట్ ఏం చేస్తుందని అడిగితే ‘ప్రెసిడెంట్‌కి సలహా ఇస్తుంది’ అని, పరీక్షకి చదువుకునే ప్రశ్న-జవాబు కార్డు మీదున్నట్టే ఠక్కున చెప్పారు. ఆ వెంటనే, వీళ్లంతా ఏయే నియోజకవర్గాల్లో గెలిచారని అడిగారు. పాఠం చెప్పే అమెరికన్ ఆవిడకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియలేదు. మా దేశంలో మంత్రి అయ్యాక ఆరు నెలల్లోగా పార్లమెంటు సభ్యుడు కాకపోతే పదవి పోతుందని నేను వివరించాను. అప్పుడావిడ అమెరికా రాజ్యాంగం తీసి మొదటి ఆర్టికల్ ఆరో సెక్షన్ మాస్టారి చేతే చదివించింది. ప్రభుత్వ పదవిలో ఉండగా ఎవరూ కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదని అందులో ఉంది.

‘‘అయితే సెనేటర్ మంత్రి కావాలంటే రాజీనామా చేయాలా? మరి సభలో ప్రశ్నలకి జవాబెవరు చెప్తారండీ?’’ అన్నారు మాస్టారు.

ఆ రోజు మిగతా పాఠమంతా దాని మీదే నడిచింది. మంత్రులని కమిటీల ముందుకి పిలిచి నిలదీయడం, కేబినెట్ పదవులకి సెనేట్ ఆమోదం, ప్రెసిడెంట్ వీటో చేసిన బిల్లుని రెండు సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో మళ్లీ నెగ్గించుకోవడం... అన్నీ ఒక్కదాని వెంట ఒకటి వచ్చాయి. కార్డులో ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’ అని ఒక్క జవాబుంటుంది. దాన్ని బట్టీ పట్టిన నాకు కూడా అది నిజంగా తలకెక్కింది ఆ రోజే.

సెనేట్ దగ్గర ఇంకో పేచీ. మన రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, సిక్కింకి ఒకటి. జనాభాని బట్టి ఇస్తారు. ఇక్కడ కాలిఫోర్నియాకీ రెండే, పిడికెడు జనమున్న వయోమింగ్‌కీ రెండే. ఇదేం న్యాయమని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. 1787లో ఫిలడెల్ఫియాలో పెద్ద రాష్ట్రాలకీ చిన్న రాష్ట్రాలకీ కుదిరిన రాజీని ఆవిడ ప్రతిసారీ ఓపిగ్గా బోర్డు మీద గీసి చూపిస్తుంది. ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్ల లెక్క కూడా ఈ సీట్ల మీదే: ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, రాజధాని వాషింగ్టన్‌కి మరో 3, మొత్తం 538. గెలవాలంటే 270. టీవీలో ఎన్నికల రాత్రి మనందరం చూసే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

పదో సవరణ కూడా అంతే. ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో చెందుతాయి. మన దగ్గర జాబితాల్లో లేనివి కేంద్రానికి పోతాయి. ఈ తేడా తెలిస్తే డ్రైవింగ్ లైసెన్స్ నుంచి స్కూలు సిలబస్ దాకా ఇక్కడ రాష్ట్రానికో పద్ధతి ఎందుకుందో అర్థమవుతుంది. ఓటు హక్కు గురించిన సవరణల పాఠం మాత్రం హడావుడిగా ముగించేస్తారు. 15, 19, 24, 26 అని నంబర్లు చెప్పి ముందుకి పోతారు. ఆడవాళ్లకి ఓటు హక్కిచ్చిన సవరణ 1920లో వచ్చిందంటే మా అత్తగారు నమ్మలేదు. ‘‘అదేంటమ్మా, మనకి మొదటి ఎలక్షన్ల నుంచే ఉందిగా!’’ అన్నారు. అలాంటివి మాట్లాడుకోవడానికి ఇంకొంచెం టైమిస్తే బాగుండేది.

ఇక లోపాలు. పంచే జిరాక్సులు ఇంకా పాత 100 ప్రశ్నలవే. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకి ప్రశ్నలు 128 అయ్యాయి. అప్పట్లో ఇంటర్వ్యూలో ఆఫీసర్ 10 అడిగితే 6 చెప్పాలి, ఇప్పుడు 20 అడిగితే 12 చెప్పాలి. కొత్త జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, క్లాసు మీద ఆధారపడకుండా అదే దించుకోండి. రెండోది, దరఖాస్తు ఫారంలోని మాటల మీద క్లాసులో అసలు శ్రద్ధ పెట్టరు. ‘అలీజియన్స్’ (విధేయత) అంటే ఏంటి, ‘ఓవర్‌త్రో’ (కూలదోయడం) అంటే ఏంటి అని ఆఫీసర్ అడిగితే, సివిక్స్ (ప్రభుత్వం గురించిన ప్రశ్నలు) అంతా గడగడా చెప్పినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. ఇంట్లో ఎవరైనా ఆఫీసర్‌లా కూర్చుని ఫారం మొత్తం పైకి చదివి అడగాల్సిందే.

తెలుగులో పరీక్ష రాయొచ్చా అని పెద్దవాళ్లున్న ఇళ్లలో అందరూ అడుగుతారు. వయసొక్కటే చాలదు. 50 దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఇక్కడ ఉంటే ఇంగ్లిష్ మినహాయింపు ఉంటుంది. సివిక్స్‌కి దుబాసీ సాయంతో తెలుగులో జవాబు చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లున్నవాళ్లకైతే చదవాల్సిన ప్రశ్నలే 20. మా అత్తగారికి ఆ ఏళ్లు లేవు కాబట్టి ఇంగ్లిష్‌లోనే చెప్పారు, పాసయ్యారు.

ఇంగ్లిష్ బాగా వచ్చి, ఎలాగోలా గట్టెక్కితే చాలనుకుంటే ఇంట్లో కార్డులు తిప్పుకుంటే సరిపోతుంది. అమ్మానాన్నలనైతే నేను తప్పకుండా క్లాసుకే పంపమంటాను. ఇంటర్వ్యూకి ముందు గవర్నర్, యూఎస్ సెనేటర్లు, మీ ప్రాంత ప్రతినిధి పేర్లు అధికారిక సైట్‌లో సరిచూసుకోండి. మా రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చునే స్టేట్ సెనేటర్ పేరు చెప్తే ఆ జవాబు తప్పే.