పాత సింగర్ 99కె చేతి మిషన్: ఏం చూసి కొనాలి, ఎంతవరకు పనికొస్తుంది

సెకండ్ హ్యాండ్ షాపులో దొరికిన సింగర్ 99కె, అంటే చేత్తో తిప్పే కుట్టు మిషన్, ఇంటికొచ్చి కొన్ని నెలలైంది, ఇంటిల్లిపాదీ దాన్ని బాగానే నలగ్గొట్టాం కాబట్టి ఇక రాయొచ్చు. ప్యాంటు కాళ్ళు పొట్టి చేసుకోడం, దిండు గలీబులు, కర్టెన్లు, తెగిన బ్యాగు పట్టీలు, ఇలాంటి ఇంటి పనులకి భేషుగ్గా ఉంది. సాగే బట్టలు కుట్టాలన్నా, జిగ్‌జాగ్ కావాలన్నా, అంచులకి ఓవర్‌లాక్ లాంటిది కావాలన్నా దీని జోలికి పోకండి, తిన్నగా వెళ్ళే కుట్టు ఒక్కటే దీనికి వచ్చు.

అసలు ఆరోజు మేం మిషన్ కోసం బయల్దేరలేదు. అమ్మ కళ్ళజోడు స్క్రూ ఊడిపోయి వారంగా దారం కట్టుకుని తిరుగుతోంది, లైబ్రరీ పుస్తకాల గడువు అయిపోతోంది, మా అమ్మాయికి గదిలో పెట్టుకోడానికి పాత ఫోటో ఫ్రేములు కావాలంట, సరే అన్నీ ఒకేసారి చూసుకుందాం అని ముగ్గురం బయటపడ్డాం. తొందరేం లేదు. కళ్ళజోడు షాపాయన "గంటాగి రండమ్మా" అన్నాడు, ఆ గంట గడపడానికి పక్కనే ఉన్న పాతసామాన్ల షాపులోకి దూరాం, ఆ గంట కాస్తా మధ్యాహ్నం అయిపోయింది.

అమ్మతో ఇలాంటి షాపుకెళ్తే ఒక లాభం ఒక నష్టం. ప్రతి వస్తువునీ తిరగేసి అడుగు చూస్తుంది. కప్పు తీసుకుంటే వేలితో అంచు చుట్టూ తడుముతుంది, కుర్చీ కనిపిస్తే కూర్చుని అటూ ఇటూ ఊగి చూస్తుంది, స్వెట్టర్ అయితే చంకల దగ్గరా మోచేతుల దగ్గరా వెలుతురుకి పట్టి చూస్తుంది. మా అమ్మాయికేమో రంగు నచ్చితే చాలు, బుట్టలో పడేస్తుంది, వెనకాలే అమ్మమ్మ ఒక్కోటీ తీసి మళ్ళీ అరలో పెట్టేస్తుంది. నా లెక్క ఇద్దరికీ మధ్యలో ఉంటుంది: పుస్తకాలు, స్టీలు సామాన్లు, కర్ర ఫ్రేములు కళ్ళు మూసుకుని కొనొచ్చు, ప్లగ్ పెట్టి చూపించని కరెంటు సామాను ఏదైనా సరే అక్కడే వదిలేసి రావాలి.

మిషన్ ఉన్నది కర్టెన్ల గుట్ట కింద. పైన గుండ్రటి కర్ర మూత, తాళం వేసుంది, తాళంచెవి లేదు. షాపాయన చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఊడొచ్చింది, ఆ పాత మూతలకి చాలావరకు అలాగే వస్తుంది కాబట్టి తాళంచెవి లేదని వదులుకోకండి. లోపల నల్లటి మిషన్, బంగారు రంగు పువ్వుల డిజైను, అక్కడక్కడా చెరిగిపోయింది కానీ చూడ్డానికి మహా ముచ్చటగా ఉంది. నేను అప్పటికే మనసులో కొనేశా. అమ్మ మాత్రం "జరుగు" అని నన్ను పక్కకి నెట్టి కళ్ళజోడు లేకుండానే మొదలెట్టింది.

ఇక్కడ్నించి కొంచెం వివరంగా రాస్తా, పాత మిషన్ కొనేవాళ్ళకి నిజంగా పనికొచ్చే ముక్క ఇదే.

ముందు మిషన్‌లో గుడ్డని నొక్కిపట్టే పాదం పైకెత్తి, అరచేత్తో చక్రాన్ని తన వైపుకి తిప్పింది. సగం తిరిగి బరువెక్కింది. "పట్టేసింది, వదిలేయమ్మా" అన్నా. అమ్మ పలకలేదు, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి. "బరువు ఒక్కచోటే ఉంటే ఏదో అడ్డం పడ్డట్టు, అంతటా ఉంటే నూనె ఎండిపోయినట్టు. ఇది అంతటా ఉంది." తర్వాత సూది పక్కనున్న జారుడు ప్లేటు తీసి బాబిన్ కేస్ (కింది దారం చుట్టే బాబిన్ కూర్చునే గూడు) ఉందో లేదో వేలు పెట్టి చూసింది, ఉంది, లోపల ఎవరో చుట్టిన ఆకుపచ్చ దారం కూడా ఉంది. ఈ రెండు ముక్కలూ, జారుడు ప్లేటూ బాబిన్ కేసూ, పోయిన మిషన్లే ఎక్కువగా షాపుల్లో పడుంటాయి, విడిగా వెతుక్కోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది కాబట్టి లేకపోతే వచ్చేయడమే. ఆ తర్వాత సూది దిగే రంధ్రం చుట్టూ బొటనవేలి గోరుతో రాసింది. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ సూది విరిగి గీత పడ్డట్టంట, దారం ఆ గీతకే తగిలి తెగుతూ ఉంటుందంట. ఆఖరికి పొడుగు వైరు ఏమన్నా ఉందా అని వెనక చూసింది. మోటార్ ఉన్న పాత మిషన్లలో వైరు తొడుగు ఎండి పొడి పొడిగా రాలిపోతుంది, అలాంటిది నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు, ముందు వైరు మార్పించాలి. మాది చేతిపిడి మిషను కాబట్టి ఆ గొడవ లేదు.

చివర్లో తన చేతిరుమాలు రెండు మడతలేసి పాదం కింద పెట్టి, దారం లేకుండానే నాలుగు పోట్లు వేయించింది. గుడ్డ ముందుకి జరిగింది, కింద నుంచి గుడ్డని జరిపే పళ్ళు పట్టు వదల్లేదన్నమాట. రుమాలు మీద చిల్లులు వరసగా, సమాన దూరంలో పడ్డాయి. వెలుతురుకి పట్టి చూసి "తీస్కో" అంది.

షాపాయన ఇది నూరేళ్ళ నాటిదమ్మా, దొరకదు, యాంటిక్ అని ఏదో మొదలెట్టాడు. ఇందులో మోసపోకండి. సింగర్ మిషన్ల మీద నంబరు ఉంటుంది, మిషన్ బెడ్ (గుడ్డ పరిచే అడుగు పలక) మీద కుడివైపున చెక్కి ఉంటుంది, దాన్ని బట్టి ఎప్పటిదో తెలిసిపోతుంది. మాదాని నంబరు ముందు ఇంగ్లీషు 'E'తో మొదలయ్యే రెండక్షరాలున్నాయి, అంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, రెండక్షరాల నంబర్లు మొదలైంది 1935 ప్రాంతంలో కాబట్టి నూరేళ్ళు ఎలా అవుతుంది? మోడల్ పేరు చివరున్న కె అక్షరం కూడా ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్‌బోవీకి గుర్తే. ఆ ఫ్యాక్టరీ 1885 నుంచి 1980 దాకా నడిచింది, లక్షలకి లక్షలు మిషన్లు తయారుచేసి ప్రపంచమంతా పంపారు కాబట్టి ఇవి అరుదైనవేం కావు. నచ్చితే పనిముట్టుగా కొనండి, వయసుకి డబ్బులివ్వకండి. ఈ మాటే అమ్మ ఇంకో రకంగా చెప్పింది, "బాబూ, పాతదైతే రేటు తగ్గాలి కదా" అని, పాపం ఆయన దగ్గర దానికి సమాధానం లేదు.

బయటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, "అమ్మమ్మా, నీకు కుట్టడం అంటే అంత ఇష్టమా?" అని. మేమంతా అదే అనుకుంటూ పెరిగాం. చిన్నప్పుడు రాత్రి పూట పక్కగదిలో మిషన్ చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్ళం, అమ్మ హాబీ అది అని బళ్ళో కూడా చెప్పేదాన్ని. అమ్మ నవ్వి "ఇష్టమేంటే, వాయిదాలు కట్టొద్దూ" అంది. విషయమేంటంటే అప్పట్లో అమ్మ మిషన్‌ని వాయిదాల మీద కొన్నారంట, ఆ వాయిదాలు కట్టడానికి అదే మిషన్ మీద వాళ్ళవీ వీళ్ళవీ బట్టలు కుట్టిందంట, వాయిదాలు అయిపోయాక మా ఫీజులు మొదలయ్యాయి కాబట్టి ఆపడం కుదరలేదంట. నడుం నొప్పి అప్పట్నుంచే. ఇంటికొచ్చాక నేను చదివి ఆశ్చర్యపోయింది ఏంటంటే, కుట్టు మిషన్లని వాయిదాల మీద అమ్మడం సింగర్ కంపెనీ వాళ్ళు 1856లోనే మొదలెట్టారు, ఐజాక్ సింగర్‌కి పేటెంట్ వచ్చిన 1851కి ఐదేళ్ళకే, ఆయన భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ ఆలోచన అది. మిషనే తన అప్పు తను తీర్చుకుంటుంది అనే లెక్క. ఆ లెక్కలో రాత్రుళ్ళు కూర్చునే మనిషి గురించి ఎవరూ రాయలేదు, అమ్మకి చెప్తే "వాళ్ళకేం, బాగానే ఉంటుంది" అని పేపర్ తిప్పేసింది.

సరే మిషన్ సంగతి. కళ్ళజోడు తీసుకుని, పుస్తకాలు ఇచ్చేసి, కుట్టు సామాన్ల షాపుకెళ్ళి సూదులు, బాబిన్లు, మిషన్ ఆయిల్, బాబిన్ చుట్టే చోట ఉండే చిన్న రబ్బరు రింగు తెచ్చుకున్నాం. సూదులు ఇప్పటి ఇంటి మిషన్లకి వాడేవే, ప్యాకెట్ మీద 15x1 అని గానీ 130/705 హెచ్ అని గానీ ఉంటుంది, మామూలు కాటన్‌కి 14 నంబరు, జీన్స్‌కి 16 లేదా 18. బాబిన్ దగ్గర మాత్రం జాగ్రత్త, దీనికి క్లాస్ 66 కావాలి, ఎక్కువగా దొరికే క్లాస్ 15 చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటుంది గానీ ఇందులో సరిపోదు. షాపులో "అన్నీ ఒకటేనండి" అంటారు, పాత బాబిన్ చేతిలో పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి.

బిగుసుకుపోయిన మిషన్‌కి మందు కిరోసిన్. పాత సింగర్ పుస్తకాల్లోనే రాసుంటుంది, నూనె రంధ్రాల్లో కాస్త కిరోసిన్ వేసి వేగంగా తిప్పి, తుడిచేసి, తర్వాత ఆయిల్ వెయ్యమని. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని చేశాం, సాయంత్రానికి చక్రం ఒక్క వేలితో తిరిగింది. సూది ప్లేటు రెండు స్క్రూలు విప్పితే కింద పళ్ళ మధ్య గట్టిగా అట్టకట్టిన పీచు, ఏ కాలం నాటిదో, మా అమ్మాయి టూత్‌బ్రష్‌తో గీకి తీసి ఫోటోలు కూడా తీసుకుంది. బాబిన్ దగ్గర చిన్న ఫెల్ట్ (ఉన్ని గుడ్డ లాంటిది) ముక్క ఒకటి ఉంటుంది, చెత్త అనుకుని తీసేయకండి, దానికి ఒక చుక్క ఆయిల్ వేస్తూ ఉండాలి. ఇంట్లో ఉంది కదా అని వంటనూనె పోయకండి, అది జిగురై మళ్ళీ మొదటికొస్తుంది. పై నల్లరంగు మీద స్పిరిట్, శానిటైజర్ లాంటివి అస్సలు పెట్టొద్దు, బంగారు డిజైను మీదున్న లక్క పూత కరిగిపోతుంది, పొడిగుడ్డకి మిషన్ ఆయిలే రాసి తుడిస్తే చాలు.

కుట్టు ఎలా ఉందంటే, చక్కగా, తిన్నగా, దగ్గరగా. జీన్స్ మడత నాలుగు పొరల దగ్గర కూడా ఆగలేదు, పిడి నెమ్మదిగా తిప్పితే సూది అలా దిగిపోతుంది. మా దాంట్లో కుట్టు పొడుగు మార్చే మీట పైకి ఎత్తితే వెనక్కి కూడా కుడుతుంది, ఇంకా పాతవాటిలో మీట బదులు గుండ్రటి స్క్రూ ఉంటుంది, వాటికి వెనక్కి కుట్టడం రాదు, దారం కొసలు చేత్తో ముడేసుకోవాలి. కుట్టు మధ్యలో జారిపోతోంది అంటే చాలామంది మిషన్ పాడైంది అనుకుంటారు, ముందు సూది చూడండి, ఇందులో సూది చదునుగా ఉన్న వైపు కుడికి ఉండాలి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించాలి. వేరే మోడల్ అయితే సూదికి దగ్గరగా ఉన్న ఆఖరి దారం కొక్కెం ఎటు ఉందో చూసుకుని అటునుంచి ఎక్కించడమే.

ఇబ్బందులు లేకపోలేదు. పోత ఇనుము కాబట్టి చచ్చేంత బరువు, వాడిన ప్రతిసారీ అల్మారా ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి, దానికో శాశ్వత చోటు కావాలి. ఒక చెయ్యి పిడికే పోతుంది కాబట్టి గుడ్డని రెండోచేత్తోనే నడిపించాలి, పొడుగాటి కర్టెన్ కుట్టేటప్పుడు మా ఆయన ఎదురుగా కూర్చుని గుడ్డ పట్టుకోవాల్సొచ్చింది, మధ్యమధ్యలో ఫోన్ చూస్తూ వదిలేస్తాడు, కుట్టు వంకరపోతుంది, ఆ వంకరలకి మిషన్‌ని తిట్టకూడదు. ఇది 66 అనే పెద్ద మోడల్‌కి ముప్పాతిక సైజు, సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య జాగా తక్కువ, మందపాటి బొంతలు అందులో దూరవు. కాజాలు కుట్టాలంటే విడిగా అటాచ్‌మెంట్ దొరకాలి, లేదంటే చేత్తోనే. పిల్లలకి నేర్పడానికి మాత్రం ఇంతకన్నా మంచిది చూళ్ళేదు, తిప్పడం ఆపితే ఆగిపోతుంది, వేళ్ళ మీదకి దూసుకురాదు, అయినా చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకండి.

చెల్లెలు వచ్చి చూసి, మోటార్ పెట్టించెయ్ అక్కా, పని తొందరగా అవుతుంది అంది. పెట్టించొచ్చు, స్తంభం వెనక మోటార్ బిగించే బొడిపె మాదానికి ఉంది, అది లేనివాటికి పెట్టడం కష్టం. మా అమ్మాయి వద్దంటోంది. అమ్మనడిగితే, పెట్టిస్తే పెట్టించుకోండి గానీ కుట్టమని నన్నడగొద్దు అని ముందే చెప్పేసింది, ఆ వెంటనే ఎలాగూ దారం ఎక్కించే ఉంది కదా అని తన సంచి పట్టీ నాకిచ్చి కుట్టిపెట్టమంది.