గంపా, జాలీ గూడా, ఇటుకల గదా: రాత్రిపూట కోళ్ళకి ఏది మేలు?

తెల్లారగట్ల గూడు తలుపు తీయబోతే నల్లపెట్ట జాలీకి ఆనుకుని ముడుచుకు కూర్చున్నట్టే కనిపించింది. వంగి చూస్తే మెడ పైన ఏమీ లేదు. గడియ వేసింది వేసినట్టే ఉంది, జాలీ ఎక్కడా తెగలేదు. గుంటూరులో నల్లపాడు వైపు మా పెరట్లో నేను కట్టించిన మొదటి గూడు సంగతి అలా తేలిపోయింది. కోడికి చీకట్లో చూపు ఆనదు. కన్నంలోంచి పంజా లోపలికొస్తే ఎటు పోవాలో తెలియక మళ్ళీ ఆ జాలీకేసే కొట్టుకుంటుంది.

గూడు ఎలా ఉండాలో తేల్చుకునే ముందు వచ్చేదెవరో తెలియాలి. మావాళ్ళంతా ముందు ముంగిసని తిడతారు గానీ అది పగటి దొంగ, పొద్దుగూకితే దాని పని అయిపోతుంది. రాత్రి డ్యూటీ వేరేవాళ్ళది. ఊరపిల్లి అయితే కోడిని ఎత్తుకుపోతుంది, గోడ దాకా ఈకలు రాలి ఉంటాయి. వీధికుక్కలు పడితే నాలుగైదింటిని కొరికి అక్కడే పడేసి పోతాయి, చాలాసార్లు తినవు కూడా. నెత్తురూ ఈకా ఏమీ లేకుండా పూటకో పిల్ల తగ్గుతుంటే పామో పందికొక్కో. గోడ వార కొత్త మట్టి తవ్వి పోసి ఉంటే పందికొక్కే అనుకోవచ్చు. తల ఒక్కటే పోయిందంటే జాలీ బయటినుంచి లాగారన్నమాట, అది పిల్లి పనైనా అయ్యుండాలి, చెట్లెక్కి తిరిగే పునుగుపిల్లి లాంటి మానుపిల్లి పనైనా అయ్యుండాలి. మా ప్రహరీ మీద ఒకేచోట రోజూ సపోటా గింజలున్న పెంట కనిపించేది. మానుపిల్లికి కోడి ఎంత ఇష్టమో పండూ అంతే ఇష్టం. పైగా అది తిరిగిన చోట కమ్మటి అన్నం ఉడికిన వాసన వస్తుంది. మా అమ్మ రెండు రోజులు పక్కింటివాళ్ళు పలావు వండుతున్నారనుకుంది.

"మా చిన్నప్పుడు గూడేంటిరా, చెట్టెక్కి పడుకునేవి" అంటుంది అమ్మ. నిజమే, నాటుకోడికి జామచెట్టు చాలు. కుక్క నుంచి, నక్క నుంచి చెట్టు కాపాడుతుంది. మానుపిల్లి దగ్గర మాత్రం పనిచెయ్యదు, దాని పేరులోనే మాను ఉంది.

ఇక గంప. దీన్ని తీసిపారేయడానికి లేదు. పిల్లల తల్లి ఒక్కటే ఉంటే వరండాలో గచ్చు మీద వెదురు గంప బోర్లించి, పైన సన్నికల్లంత బరువు పెడితే తెల్లారేదాకా భయం లేదు. గాలి ఆడుతుంది, ఖర్చు తక్కువ. చిక్కల్లా అదే గంపని పెరట్లో మట్టి మీద పెట్టినప్పుడు వస్తుంది. అంచు కింద వేలు దూరే సందుంటే పాముకి దారి దొరికినట్టే. పందికొక్కు అడుగునుంచి తవ్వుతుంది, కుక్క ముట్టెతో తోసి దొర్లిస్తుంది. నాలుగైదు కోళ్ళు దాటితే ఇరుకు, ఉక్క, రెట్ట కంపు. కాబట్టి గంప పిల్లల తల్లికి, అదీ ఇంటి గడప దగ్గర.

నేను ఎక్కువ డబ్బు తగలేసుకుని నేర్చుకున్నది జాలీల దగ్గర. పట్నంబజారులో కోళ్ళకని అడిగితే ఆరు మూలల కన్నులుండే పల్చటి తీగ జాలీ చుట్ట తీసిస్తారు. పేరే చికెన్ మెష్ కాబట్టి మనం నమ్ముతాం. అది కోడి బయటికి పోకుండా ఆపడానికి చేసింది, బయటివాళ్ళు లోపలికి రాకుండా ఆపడానికి కాదు. దాని తీగలు మెలివేసినవే గానీ అతికినవి కావు. కుక్క పళ్ళతో పట్టి లాగితే విచ్చుకుంటుంది, రెండు వానాకాలాలకి తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది. అంగుళం కన్నులోంచి మానుపిల్లి పంజా దూరుతుంది, చిన్న జెర్రిపోతయితే ఏకంగా తనే దూరుతుంది. ఒక పొద్దున మా గూట్లో అలాంటిదే దొరికింది. లోపలికి సన్నగా వచ్చింది, పిల్లని మింగాక పొట్ట ఉబ్బి వచ్చిన కన్నులోంచి తిరిగి పోలేక సగంలో ఇరుక్కుని ఉంది.

వెల్డ్ మెష్‌లో తీగ తీగకీ అతుకు ఉంటుంది. అరంగుళం కన్నుది తీసుకుంటే పంజా పట్టదు, పిల్లని మింగగలిగేంత పామూ పట్టదు. నాకు మొదటిదానికన్నా మూడింతలు ఖర్చయింది, బరువూ ఎక్కువే, కొయ్యకి చిన్న మేకులతో కాకుండా వాషర్లు వేసి స్క్రూలతో బిగించాలి. అంత డబ్బు లేనివాళ్ళు నాలుగు వైపులా కింద రెండడుగుల ఎత్తు వరకు ఇది వేసి, ఆ పైన పాత జాలీనే రెండు పొరలుగా వేసుకోవచ్చు. కానీ అలా చేస్తే దండెం సంగతి గట్టిగా చూసుకోవాలి. కోళ్ళు వాలే కర్ర గూటి నడిమధ్యన, ఎటు చూసినా జాలీకి మూరెడు దూరంలో ఉండాలి. నల్లపెట్ట నిద్రపోయింది జాలీని ఆనుకునే కదా.

నేల మీది గూడైతే తవ్వేవాళ్ళ బాధ ఉంటుంది. గోతులు తీసి మెష్ పాతిపెట్టడం కన్నా, గూటి చుట్టూ బయటికి అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి అంచున రాళ్ళు పెట్టడం తేలిక. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

ఇటుకల గది కట్టి ఇనప తలుపు పెడితే ఏ జంతువూ రాదు, ఒప్పుకుంటాను. మా మేనమామ కట్టించాడు. మే నెలలో గుంటూరు ఎండకి పైన సిమెంటు రేకు, పగలంతా కాగిన గోడ. రాత్రి పది గంటలకి తలుపు తీస్తే కోళ్ళు రెక్కలు విప్పుకుని, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. కోడికి చెమట పట్టదు, గాలే దిక్కు. ఆ గదికి రెండు వైపులా పైభాగం పగలగొట్టి మెష్ పెట్టించాక గానీ బాగుపడలేదు. మొదటే మెష్ పెట్టుకుంటే సగం ఇటుకలు మిగిలేవి.

కుక్క మంచిదే, కోళ్ళ మధ్య పెరిగిందైతే. పిల్లులూ నక్కలూ దూరంగా ఉంటాయి, పాముని మాత్రం అది ఆపలేదు. గిన్నీ కోళ్ళు అలికిడైతే అరిచి గోల చేస్తాయి. కోళ్ళకన్నా ముందు పక్కింటాయన లేస్తాడు. మినుకుమినుకుమనే సోలార్ లైట్లకి పిల్లి వారంలో అలవాటుపడుతుంది.

ఎత్తు గురించి ఆలోచన మా విజయవాడ పిన్ని వల్ల వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో వాళ్ళ గూడు మొత్తం మునిగింది. మేడ మీదికి చేరవేసినవి మూడే మిగిలాయి. నీళ్ళు తీశాక పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళలోకి వచ్చాయి. నేనిప్పుడు గూటిని మూడడుగుల ఇనప పైపు కాళ్ళ మీద నిలబెట్టాను. నున్నటి పైపు కాబట్టి పందికొక్కు ఎక్కలేదు. గూటి అడుగు కూడా మెష్షే, సగం రెట్ట కిందికి రాలుతుంది, మిగతాది వారానికోసారి గీకాల్సిందే.

కంచెకి కరెంటు తీగ, మాంసంలో విషం అనే సలహాలు కూడా వస్తాయి. మొదటిది అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళిన ఇంటి మనిషి ప్రాణమే తీస్తుంది. ముంగిస, మానుపిల్లి, నాగుపాము 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, చంపితే కేసే.

ఆరు కోళ్ళు దాటినవాళ్ళకి నా ఓటు అరంగుళం వెల్డ్ మెష్‌తో ఎత్తు గూటికే, పిల్లల తల్లికి వరండాలో గంప. గడియకి తోడు ఒక కొక్కెం పెట్టించండి, తోస్తే ఊడే గడియల సంగతి పిల్లులకి బాగా తెలుసు. ఇంత చేసినా సందె దాటాక తలుపు వేస్తే లాభం లేదు. మా ఇంట్లో ఆ పని అమ్మది. దీపం పెట్టి, టార్చి పట్టుకుని లెక్కపెడుతుంది. నిన్న పదకొండు వచ్చాయి. పన్నెండోది, డేగ పుంజు, జామచెట్టు మీదనుంచి దిగనంది. కర్రతో దాన్ని దించేసరికి నా అన్నం చల్లారిపోయింది.