హైవే ట్రాక్టర్‌ను టిప్పర్‌గా మార్చి నడిపాక: టెక్సాస్ నుంచి ఒక ఓనర్ మాట

ట్రైలర్ లాగి లాగి రిటైరైన హైవే ట్రాక్టర్‌కు (పొలం ట్రాక్టర్ కాదు, ట్రైలర్‌ను లాగే లారీ ఇంజన్ బండి) తొట్టి కట్టించి టిప్పర్‌గా నడుపుకోవచ్చా అని ఇక్కడి మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. నడుపుకోవచ్చు. నేను కొన్నేళ్లుగా నడుపుతున్నాను, బండి తిండి పెడుతోంది. కాకపోతే కొనే ముందు అందరూ ఇంజన్ చూస్తారు, టైర్లు చూస్తారు. అసలు చూడాల్సింది బండి ముందు చక్రాల యాక్సిల్ ఎంత బరువుకు తయారైందనేది. ట్రిప్పుకి ఎంత మిగులుతుందో అక్కడే తేలిపోతుంది.

నాది పీటర్‌బిల్ట్ 379. 2007తో ఆగిపోయిన మోడల్, పొడుగు బానెట్. నాకు దొరికిన బండికి స్లీపర్, అంటే డ్రైవర్ పడుకునే గది, క్యాబ్‌ నుంచి విడిగా ఉంది. బోల్టులు విప్పి దాన్ని దించి, క్యాబ్ వెనక గోడ మూసేస్తే తొట్టికి చోటు వచ్చేసింది. ఇప్పటి బండ్లలో చాలావాటికి క్యాబ్, స్లీపర్ ఒకే డబ్బా. వాటిని కోయించడం మొదలుపెడితే ఖర్చుకు అంతుండదు. వైజ్ కౌంటీలోని బ్రిడ్జ్‌పోర్ట్, చీకో క్వారీల నుంచి సున్నపురాయి కంకర ఎత్తి ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కల సైట్లకు తోలడమే నా పని.

ఇక బరువు లెక్క. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. హైవే ట్రాక్టర్ ముందు యాక్సిల్ మామూలుగా 12,000 పౌండ్లకే తయారవుతుంది. వెనక జంట యాక్సిళ్ల మీద చట్టం ఒప్పుకునేది 34,000. రెండూ కలిపితే 46,000. నా బండి ఖాళీగానే 25,000 దాకా తూగుతుంది. అంటే లోడు పదిన్నర టన్నులు, అదీ 2,000 పౌండ్ల అమెరికా టన్నుల్లో. అదే ఫ్యాక్టరీ టిప్పర్‌కు ముందు యాక్సిల్ 20,000ది వేసుకోవచ్చు. మొదటి యాక్సిల్ నుంచి చివరిదాకా 20 అడుగులుంటే బ్రిడ్జ్ ఫార్ములా (యాక్సిళ్ల సంఖ్య, వాటి మధ్య దూరాన్ని బట్టి బరువు పరిమితి తేల్చే లెక్క) ప్రకారం మూడు యాక్సిళ్ల బండి 51,000 దాకా వెళ్లొచ్చు. కంకరకు డబ్బులిచ్చేది టన్నుల లెక్కన. అదే డీజిల్, అదే డ్రైవర్, అదే ట్రాఫిక్, చేతికొచ్చేది మాత్రం తక్కువ.

అందుకే జంట యాక్సిళ్ల ముందు లేచి దిగే యాక్సిల్ ఒకటి వేయించాను. వెనక మూడు యాక్సిళ్లలో మొదటిదాని నుంచి చివరిదాకా 9 అడుగులుంటే ఆ గుంపు మీద 42,500 పౌండ్లు ఒప్పుకుంటారు. యాక్సిల్ సొంత బరువు పోను మూడు టన్నులకు పైగా లోడు పెరిగింది. తొట్టి మీద పెట్టిన ప్రతి డాలర్ కన్నా దీనిమీద పెట్టినదే తొందరగా తిరిగొచ్చింది. మలుపుల్లో ఎత్తడం, లోడుతో రోడ్డెక్కగానే దించడం డ్రైవర్‌కు అలవాటు కావాలి. కాటా దగ్గర గుర్తొస్తే లాభం లేదు.

చాసిస్ దగ్గర నాకు చేదు అనుభవమే మిగిలింది. ట్రాక్టర్ చాసిస్ సాధారణంగా ఒంటి పట్టీ, టిప్పర్లకు లోపల ఇంకో పట్టీ వేస్తారు. పైగా ఆ ఉక్కును వేడిచేసి గట్టిపరుస్తారు కాబట్టి దానిమీద వెల్డింగ్ చేయకూడదు, పై అంచుకి, కింది అంచుకి రంధ్రాలు వేయకూడదు. తొట్టి కట్టిన షాపువాళ్లు తొట్టి తిరిగే వెనక కీలు బ్రాకెట్లను నేరుగా అంచుకు వెల్డింగ్ పెట్టి పంపారు. కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే పగులు. వేరే షాపులో పట్టీ బాగుచేయించి, లోపల రెండో పట్టీ వేయించి, బ్రాకెట్లను నిలువు భాగానికి బోల్టులతో బిగించాక మళ్లీ ఆ బాధ లేదు. మీరు చేయిస్తుంటే షాపులో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: కీలు ఎలా బిగిస్తారు?

పీటీఓ, అంటే ఇంజన్ బలంతో తొట్టి ఎత్తే హైడ్రాలిక్ పంపును తిప్పే గేర్, దాని విషయంలో అస్సలు టెన్షన్ పడలేదు. ఈటన్ ఫుల్లర్ గేర్‌బాక్స్‌కు పీటీఓ బిగించే చోటు ముందే ఉంటుంది. పంపు, ఆయిల్ ట్యాంకు, క్యాబ్ వెనక జాకీ, అంతే.

సస్పెన్షన్ మాత్రం జాగ్రత్త. ట్రాక్టర్లకు వెనక మామూలుగా కమాను కట్టలకు బదులు గాలి నింపిన ఎయిర్ బ్యాగులుంటాయి. రోడ్డు మీద హాయిగా ఉంటుంది, కానీ తొట్టి పైకి లేస్తున్నప్పుడు లోడు ఒక పక్కకు జారితే బ్యాగు అటే నొక్కుకుపోయి బండి ఊగుతుంది. తొట్టి ఎత్తేముందు గాలి తీసేయడం మా దగ్గర రూలు. వాన పడ్డ మట్టి సైటులో అయితే నేల చదునుగా లేకపోతే అన్‌లోడ్ చేయనని చెప్పేస్తాను, సూపర్‌వైజర్ ఎంత గొణిగినా సరే. రోజంతా గుంతల్లో తిరిగే పనైతే కమాను కట్టలున్న బండే తీసుకోండి.

నడకకు వస్తే, వెనక యాక్సిల్ గేర్ రేషియో 3.55. హైవే మీద ఇంజన్ నింపాదిగా తిరుగుతుంది, డీజిల్ కలిసొస్తుంది. క్వారీ గుంతలోంచి లోడుతో ఎక్కేటప్పుడు మాత్రం క్లచ్ ఏడుస్తుంది. పొడుగు వీల్‌బేస్ వల్ల కొత్త ఇళ్ల కాలనీల్లో ఒక్కసారికి తిరగదు.

రిజిస్ట్రేషన్ కాగితాల్లో బాడీ రకం మార్పించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి, పెద్ద తలనొప్పేమీ కాదు. పన్ను సంగతి మాత్రం మీ అకౌంటెంట్‌ను అడగండి. కొత్త భారీ ట్రక్కుల మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ ఉంది. పాత బండికి చేయించిన మార్పుల ఖర్చు, అలాంటి కొత్త బండి ధరలో 75 శాతం దాటకపోతే మామూలుగా దాన్ని కొత్త తయారీగా లెక్కేయరు. మామూలు కన్వర్షన్ ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. ఇది చదివి ఇండియాలో మన ఊళ్లో ఉన్న పాత ట్రైలర్ బండిని కూడా ఇలా మార్పిద్దామనుకునేవాళ్లకు ఒక మాట: మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చాలా గట్టిది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

చేతిలో ట్రాక్టర్ ఉండి, సైట్లు విశాలంగా ఉంటే అసలు తొట్టే కట్టించకండి. హైడ్రాలిక్ పంపు ఒకటి పెట్టించి, ఎండ్ డంప్ ట్రైలర్ (ముందు భాగం పైకి లేచి వెనక నుంచి లోడు ఒంపేది) తగిలించుకుంటే ట్రిప్పుకి 23, 24 టన్నుల దాకా పోతాయి, పని లేని రోజు అదే బండి వేరే ట్రైలర్ లాగుతుంది. ఇరుకు సైట్లకు, ట్రైలర్ వెనక్కి పోలేని చోట్లకు అయితే నాలాంటి బండి. అది కూడా స్లీపర్ విడిగా ఉన్నది, చాసిస్ కోయకుండా తొట్టి కూర్చునేది దొరికితేనే. బేరానికి వెళ్లినప్పుడు డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ మీద ముందు యాక్సిల్ రేటింగ్ చదవండి. 12,000 కనిపిస్తే, లేచి దిగే యాక్సిల్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.