రెండు శ్రుతికి కలవని మొదటి వైపు: 12 ఏళ్లుగా నా దగ్గరున్న 'కైండ్ ఆఫ్ బ్లూ'

మైల్స్ డేవిస్, కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్ కలిసి వాయించిన ఈ జాజ్ రికార్డు గొప్పదని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నా గొడవంతా దాని శ్రుతితోనే.

మా బావ అమెరికా నుంచి పాత ఎల్పీ తెచ్చిచ్చాడు. నేను వయొలిన్ వాయిస్తాను, కర్ణాటక పద్ధతిలో. అందులో మొదటి పాట 'సో వాట్' వినగానే ఇవి ఖరహరప్రియ స్వరాలే కదా అని గంతేశాను (రాగం అన్నానంటే మా గురువుగారు ఊరుకోరు, స్వరాలు మాత్రమే). ఆ పాట పాశ్చాత్య లెక్కలో 'డి'లో ఉంది, డి అంటే మనకు రెండు శ్రుతి. తంబూరా పెట్టె రెండుకు పెట్టి కూర్చుంటే కలవదు! మధ్యలో ఎనిమిది బార్లు (మన ఆవర్తాల్లాంటివి) వాళ్లే అరస్వరం పైకెక్కి దిగుతారు, అక్కడంటే సరే, మిగతా చోటల్లా కూడా రికార్డు ఒక పిసరు పైనే పలుకుతోంది. అరస్వరంలో సగం కూడా ఉండదు కానీ పంటి కింద రాయే.

టర్న్‌టేబుల్ తప్పనుకుని బెల్టు రెండుసార్లు మార్పించాను, మోటారు కూడా చూపించాను, రిపేరు చేసినాయన చివరికి "మీ చెవిలోనే ఏదో ఉంది సార్" అన్నాడు. ఒకరోజు రెండో వైపు పెడితే 'ఆల్ బ్లూస్' ఐదు శ్రుతికి అతికినట్టు కూర్చుంది. అదే మిషను, అదే బెల్టు! అప్పుడు వెతికితే తేలింది. మొదటి వైపు మూడు పాటలూ 1959 మార్చి 2న, రెండో వైపువి ఏప్రిల్ 22న, న్యూయార్క్ 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. మార్చిలో మాస్టర్ టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగిందట, దాంతో ఆ టేపును మామూలు వేగంతో వేస్తే శ్రుతీ నడకా రెండూ పెరిగాయి. పక్కన నడిచిన రెండో మిషను మాత్రం సరిగ్గానే ఉంది. 1992లో ఆ రెండో మిషను టేపు నుంచి సరిచేసి వేసేదాకా లోకమంతా హెచ్చు శ్రుతిలోనే విన్నది. నా బెల్టు డబ్బులు ఎవర్నడగాలి?

సరిచేసిన సీడీ కొన్నాను. రెండుకు చక్కగా కలిసింది, ఆ సాయంత్రం రెండు గంటలు వయొలిన్ దించలేదు. కానీ ఊరికే వింటే 'సో వాట్' కాస్త ఈడ్చినట్టుంది. ఇన్నాళ్లూ మైల్స్ ట్రంపెట్‌లో మెరుపు అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను, అందులో కొంత ఆ టేపు మిషను పుణ్యమేమో.

రికార్డుతో పాటు వాయించేవాళ్లయితే సీడీనే తీసుకోండి. నా చెవి పాత ఎల్పీకి అలవాటుపడి చెడింది, రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక అదే పెడతాను. మొదటి వైపులోని 'బ్లూ ఇన్ గ్రీన్' ఒక్కటి మాత్రం సీడీలోనే, ఆ నెమ్మది దానికి నప్పింది.