ఖాళీ అయిన వార్డుకు ఎన్నిక ఎప్పుడు? నెలల గడువా, నిర్ణీత తేదీలా, ఇన్‌ఛార్జి పాలనా: ఏది మేలు?

“మా డివిజన్ కార్పొరేటర్ చనిపోయి ఏడాది దాటింది. ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగంలోనే ఉంది కదా, మరి ఇంకా ఎందుకు జరపలేదు?” గుంటూరు, విజయవాడ పాఠకులు, ఈ రెండు నగరాల చుట్టుపక్కల గ్రామాల వారు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఉప ఎన్నిక పెట్టడం మేలా, సాధారణ ఎన్నికల దాకా ఆగడం మేలా అని కూడా కొందరు అడుగుతున్నారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మొదటి ప్రశ్నలోని చిక్కును ముందు విప్పుకోవాలి. మనం ‘ఆరు నెలలు’ అని ఒక్క మాటలో అనేసేది నిజానికి రెండు వేర్వేరు గడువుల సంగతి, ఆ రెండింటిలో ఏదీ ఒక వార్డులో వచ్చిన ఖాళీకి వర్తించదు.

శాసనసభ్యుడో పార్లమెంటు సభ్యుడో మరణించినా, రాజీనామా చేసినా ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలని చెప్పేది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఎ సెక్షన్. మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువైతేనో, గడువులోపు ఎన్నిక జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరిస్తేనో తప్ప దీని నుంచి మినహాయింపు లేదు. ఇక స్థానిక సంస్థల విషయంలో రాజ్యాంగంలోని 243ఇ, 243యు అధికరణాలు చెప్పే ఆరు నెలలు పాలకవర్గం మొత్తం రద్దయిన సందర్భానికి సంబంధించినవి. ఒక్క కార్పొరేటర్, ఒక్క ఎంపీటీసీ, ఒక్క సర్పంచ్ స్థానం ఖాళీ అయితే ఎన్నాళ్లలో భర్తీ చేయాలో తేల్చే పనిని రాజ్యాంగం రాష్ట్ర చట్టాలకు వదిలింది. ఆ చట్టాల్లో నెలల లెక్కన గడువులు ఉన్నాయి, ఖాళీని రాష్ట్ర ఎన్నికల సంఘానికి నివేదించే బాధ్యత స్థానిక అధికారి మీద ఉంది. ఆ గడువు దాటిపోతే ఏమవుతుందని అడిగితే మాత్రం, ఆచరణలో చూస్తున్నదాన్ని బట్టి, ఏమీ కాదనే చెప్పాలి.

2022లో ఏర్పడిన రెండు ఖాళీలను పక్కపక్కన పెడితే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 21న మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి మరణించగా, ఆయన ప్రాతినిధ్యం వహించిన ఆత్మకూరు శాసనసభ స్థానానికి జూన్ 23న పోలింగ్ జరిగింది. నాలుగు నెలల్లో పని ముగిసింది. అదే ఏడాది పులివెందుల జడ్పీటీసీ సభ్యుడు రోడ్డు ప్రమాదంలో మరణిస్తే, అక్కడ పోలింగ్ జరిగింది 2025 ఆగస్టు 12న. 2021 సెప్టెంబరులో కొలువుదీరిన జిల్లా పరిషత్తు కనుక గెలిచిన వారికి మిగిలిన పదవీకాలం ఏడాది పైచిలుకు మాత్రమే. శాసనసభ నియోజకవర్గం అంటే కొన్ని మండలాలు, జడ్పీటీసీ స్థానం అంటే ఒక్క మండలం. పెద్ద ఎన్నిక నాలుగు నెలల్లో జరిగిన రాష్ట్రంలో చిన్న ఎన్నికకు ఏళ్లు పట్టడానికి ఏర్పాట్ల భారం కారణమంటే నమ్మడం కష్టం.

ఇప్పుడు పద్ధతుల సంగతి చూద్దాం. మొదటిది, ఖాళీ ఏర్పడిన రోజు నుంచి ఇన్ని నెలల్లో అని లెక్కపెట్టి, ప్రతి ఖాళీకీ విడిగా ఉప ఎన్నిక జరపడం. ఓటరు వైపు నుంచి చూస్తే ఇంతకంటే న్యాయమైనది లేదు, ఏర్పాట్లు కూడా బయటికి అనిపించేంత పెద్దవి కావు. గుంటూరులో ఒక డివిజన్‌కు ఎన్నిక అనుకుందాం. శాసనసభ ఓటర్ల జాబితాను తీసుకుని ఆ డివిజన్ వీధుల మేరకు విడదీయాలి. ముసాయిదాను వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి. ఫలానా అపార్ట్‌మెంటులో సగం ఫ్లాట్లు పక్క డివిజన్‌లో పడ్డాయనీ, ఎప్పుడో కాలం చేసిన పెద్దాయన పేరు ఇంకా ఉందనీ, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి పేరు తీయలేదనీ వచ్చే అభ్యంతరాలను పరిష్కరించాలి. బడులలో పోలింగ్ కేంద్రాలు చూసుకోవాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, బ్యాలెట్ పత్రాలు అచ్చు వేయించాలి. 2021లో మన పురపాలక ఎన్నికలు జరిగింది బ్యాలెట్ పత్రాలతోనే. సాధారణ ఎన్నికలను ఏళ్ల తరబడి ఆపే అసలు వివాదాలు ఇక్కడ తలెత్తవు. వార్డుల పునర్విభజన అక్కరలేదు. రిజర్వేషన్ల లెక్క కూడా మళ్లీ వేయనక్కరలేదు, ఎందుకంటే ఖాళీ అయిన స్థానం ఏ వర్గానికి కేటాయించి ఉందో ఉప ఎన్నికలోనూ ఆ వర్గానికే ఉంటుంది. మొత్తం 59.85 శాతం రిజర్వేషన్లు చెల్లవని 2020 మార్చి 2న హైకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు రాష్ట్రమంతటా రేగిన తర్జనభర్జన వంటిది ఒక్క డివిజన్ ఉప ఎన్నిక విషయంలో రానే రాదు.

ఈ పద్ధతిలోని లోపం మరోచోట ఉంది. ఒంటరిగా జరిగే ఉప ఎన్నిక ఎంత చిన్నదైతే అంత పెద్ద ప్రతిష్ఠ సమస్యగా మారుతుంది. మంత్రులు వచ్చి మకాం వేస్తారు, పక్క జిల్లాల నాయకులు వీధికొకరుగా దిగుతారు, మామూలు రోజుల్లో మురుగు కాలువ పూడిక గురించి జరగవలసిన చర్చ కాస్తా రాష్ట్రంలో ఎవరి బలం ఎంత అన్నదాని మీదికి మళ్లుతుంది. పులివెందుల పోలింగు చుట్టూ సాగిన ఆరోపణలు, ప్రత్యారోపణల జోలికి ఇక్కడ పోనవసరం లేదు గానీ, ఒక్క మండలపు ఎన్నిక అంతగా రాష్ట్రం దృష్టిలో పడడానికి అది దాదాపు ఒంటరిగా జరగడం కూడా ఒక కారణమే.

రెండో పద్ధతి, ఏడాదిలో కొన్ని విడతలు పెట్టుకుని, అప్పటిదాకా వచ్చిన ఖాళీలన్నింటికీ ఒకే రోజున ఎన్నిక జరపడం. కేరళలో దాదాపు ఇలాగే నడుస్తోంది. అక్కడ 2024 డిసెంబరు 10న 31 స్థానిక వార్డులకు ఉప ఎన్నికలు జరిగాయి. రెండున్నర నెలలు తిరగకుండానే 2025 ఫిబ్రవరి 24న మరో విడత పెట్టారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో చట్టమే తేదీలు ఖరారు చేసి పెట్టింది: మే నెల మొదటి శనివారం ఒకటి, నవంబరులో మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం మరొకటి. ఇలా చేస్తే ఖర్చు కలిసివస్తుంది, సిబ్బందిని మాటిమాటికీ బడుల నుంచి లాగనక్కరలేదు, మంత్రులు ఒకేసారి ముప్పై వార్డుల్లో మకాం వేయలేరు కనుక పోటీ ఆ వార్డు మనుషుల మధ్యే ఎక్కువగా జరుగుతుంది. నష్టమల్లా, విడత ముగిసిన మర్నాడే ఖాళీ అయిన వార్డు తరువాతి విడత దాకా ఆగవలసి రావడమే. ఏడాదికి రెండు విడతలుంటే అది ఆరు నెలలకు మించదు. మన దగ్గర ఇప్పుడు పడుతున్న కాలంతో పోలిస్తే అది నష్టమే కాదు.

మూడోది, ఎన్నిక ఊసెత్తకుండా ఇన్‌ఛార్జితోనో, ప్రత్యేకాధికారితోనో నెట్టుకురావడం. సర్పంచ్ స్థానం ఖాళీ అయితే ఉప సర్పంచ్ ఉంటారు, మేయర్ స్థానం ఖాళీ అయితే డిప్యూటీ మేయర్ ఉంటారు. కొద్ది వారాలకు అది సరిపోయే ఏర్పాటే. కార్పొరేటర్‌కు మాత్రం ఇన్‌ఛార్జి అనేవారు ఉండరు. వీధి దీపం గురించి వెళ్లి అడిగితే “కార్పొరేటర్ గారు లేరు కదండీ, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకోండి” అంటారు. అర్జీ పెడితే దీపం వెలగవచ్చు. కౌన్సిల్ సమావేశంలో ఆ డివిజన్ తరఫున లేచి నిలబడి, ఎజెండాలో మా పని ఎందుకు లేదని అడిగేవారు మాత్రం ఎన్నిక జరిగేదాకా ఉండరు.

పాలకవర్గం మొత్తం లేకుండా నడిస్తే ఎలా ఉంటుందో గుంటూరుకు చెప్పనక్కరలేదు. ఇక్కడి కౌన్సిల్ గడువు 2010లో ముగిసింది. 2012లో గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు సహా పది గ్రామాలను నగరంలో కలిపారు, ఆ తరువాత వివాదాలు తెమలక 2014 పురపాలక ఎన్నికల్లో గుంటూరు వంతు రాలేదు. మళ్లీ పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. విలీన గ్రామాల వారైతే ఉన్న పంచాయతీని పోగొట్టుకున్నాక తొమ్మిదేళ్ల పాటు సర్పంచూ లేక, కార్పొరేటరూ లేక గడిపారు. 2012లో పద్దెనిమిదేళ్లు నిండిన నల్లపాడు కుర్రవాడు తన కార్పొరేటర్‌ను ఎన్నుకునేనాటికి ఇరవై ఏడేళ్ల వాడయ్యాడు. విజయవాడ 2014లో ఓటు వేసింది కనుక, 2019లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 దాకా మాత్రమే ప్రత్యేకాధికారి పాలన చూసింది. ఇది ఆంధ్రకే పట్టిన జాడ్యమూ కాదు: ముంబయి కార్పొరేషన్ గడువు 2022 మార్చిలో ముగిస్తే పోలింగ్ 2026 జనవరిలో జరిగింది.

ప్రత్యేకాధికారి పాలనలో ఫైళ్లు చకచకా కదులుతాయని, వాటాల బెడద ఉండదని వాదించే మిత్రులు ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం కాలంలో, ఎన్నికైన పాలకవర్గం లేని సంస్థలకు గ్రాంట్లు రావన్న షరతు ఉండేదన్న సంగతిని వారు లెక్కలోకి తీసుకోవడం లేదు. కాలువలకూ తాగునీటికీ ఖర్చు పెట్టవలసిన డబ్బే రాకుండా ఆగిపోయినప్పుడు ఫైలు ఎంత వేగంగా కదిలి ఏం లాభం?

నా దృష్టిలో ఈ పద్ధతుల మధ్య తీర్పు చెప్పేది నెలల సంఖ్య కాదు. గడువును మొదలుపెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు విషయం. ఇంగ్లండులో 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 89వ సెక్షన్ ప్రకారం, కౌన్సిలర్ స్థానం ఖాళీ అయిందని ఆ ప్రాంతపు ఓటర్లు ఇద్దరు సంతకాలు చేసి అధికారికి రాతపూర్వకంగా ఇస్తే, సెలవులు మినహాయించి 35 రోజుల్లో ఎన్నిక జరిపితీరాలి. ఆ కౌన్సిలర్ పదవీకాలం ఎలాగూ ఆరు నెలల్లో ముగిసేదైతే సాధారణ ఎన్నికల దాకా ఆగుతారు. అక్కడ పార్టీలకు ఇష్టం ఉన్నా లేకున్నా, ఇద్దరు మామూలు ఓటర్లు తలచుకుంటే రోజుల లెక్క మొదలవుతుంది. మన దగ్గర అధికారి నివేదించాలి, ఎన్నికల సంఘం కదలాలి, ప్రభుత్వం సిబ్బందిని ఇవ్వాలి, ఈ మూడూ కుదిరాక నోటిఫికేషన్ వస్తుంది. ఈ వరుసలో ఓటరుకు చోటే లేదు. సంఘం అడిగితే సిబ్బందిని సమకూర్చవలసిందేనని 243కె అధికరణం చెబుతోంది. ప్రభుత్వం సహకరించకపోతే సంఘం హైకోర్టును ఆశ్రయించవచ్చని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఇంత అధికారం ఉన్న సంఘం ఒక్క డివిజన్ కోసం కోర్టు మెట్లెక్కుతుందని ఆశించలేం.

అందుకే నా మొగ్గు రెండో పద్ధతి వైపు, దానికి ఇంగ్లండు షరతును జోడించి. ఏడాదికి రెండు తేదీలు చట్టంలోనే రాసిపెట్టాలి. తేదీకి ముందు ఫలానా రోజులోగా వచ్చిన ఖాళీలన్నీ, అధికారి నివేదించినా నివేదించకపోయినా, ఓటర్ల రాతపూర్వక సమాచారం మీదైనా ఆ విడతలో చేరాలి. మిగిలిన పదవీకాలం ఆరు నెలలలోపు ఉంటే వదిలేయవచ్చు. పాలకవర్గం రద్దయినప్పుడు 243ఇ అధికరణం ఇచ్చే వెసులుబాటూ అదే. ప్రతి ఖాళీకీ విడి గడువు కావాలనే వారి మాటను నేను కొట్టిపారేయడం లేదు, అమలయ్యే పక్షంలో అదీ మంచిదే. క్యాలెండరులో ముందే ఉన్న తేదీని దాటవేయడం మాత్రం, ఎవరికీ తెలియకుండా గడిచిపోయే గడువును దాటవేసినంత సులువు కాదు.

నామినేషన్ మీద సభ్యుణ్ణి నింపుకునే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. నామినేటెడ్ పదవుల పందేరం తెలిసిన మనకు అది పనికిరాదు. మేయర్, చైర్‌పర్సన్ వంటి పరోక్ష ఎన్నికల పదవులకు ఈ చర్చే అవసరం లేదు. గుంటూరు మేయర్ 2025 మార్చిలో రాజీనామా చేస్తే ఏప్రిల్ 28న కొత్త మేయర్ ఎన్నిక ముగిసింది. అక్కడ ఓటు వేసేది సభ్యులే కనుక జాబితాలు, పోలింగ్ కేంద్రాల పని ఉండదన్నది నిజమే. పార్టీలకు తొందర ఉన్న పదవి అన్నదీ అంతే నిజం.

చట్టం మారేలోగా ఒక పని చేయవచ్చు. ఖాళీ ఏర్పడిన తేదీ, దాన్ని రాష్ట్ర ఎన్నికల సంఘానికి నివేదించిన తేదీ, ఆ లేఖ నకలు ఇమ్మని కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. గ్రామ పంచాయతీకైతే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. నివేదించలేదని తేలితే, ఆ జవాబు నకలును జతచేసి ఖాళీ వివరాలతో నేరుగా విజయవాడలోని రాష్ట్ర ఎన్నికల సంఘం కార్యదర్శికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. కోర్టు దాకా వెళ్లవలసి వస్తే న్యాయవాది మొదట అడిగేవి ఈ రెండు కాగితాలే.