బ్రాడీపేట బ్యాంకు శాఖ: కౌంటర్ సేవ బాగానే ఉంది, మా వివరాల కాపలాయే బాగాలేదు

గుంటూరు బ్రాడీపేటలోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో మా కుటుంబానికి 11 ఏళ్లుగా ఖాతాలు ఉన్నాయి. నా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. సీజన్‌లో వచ్చే వందల టిక్కీల (మిర్చి బస్తాల) తూకంలో ఒక్క అంకె తప్పు పడినా, ఆ సాయంత్రం రైతు ఎదుట నిలబడి సమాధానం చెప్పుకోవలసింది నేనే కాబట్టి, పరాయివారి సొమ్మునూ వివరాలనూ దగ్గర పెట్టుకొనేవారి నుంచి నేనూ అంతే జవాబుదారీతనాన్ని ఆశిస్తాను.

మంచి విషయాలు ముందే చెప్పడం న్యాయం. ఈ శాఖలో వరుస త్వరగా కదులుతుంది, పాస్‌బుక్ ముద్రించే యంత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, పెద్దవారు వస్తే సిబ్బంది లేచి కుర్చీ చూపిస్తారు. మా అమ్మ పేరు మీద 4 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ తెరిచిన రోజున పని మొత్తం అరగంటలోపే పూర్తయింది. ఆ తొందరలోనే నామినీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మా చెల్లెలు కనకదుర్గ పేరు రసీదు మీద ‘కనదుర్గ’ అని వచ్చింది. నేను చూపిస్తే కౌంటర్‌లోని అబ్బాయి, “ఇబ్బందేమీ లేదు సార్, రెన్యూవల్ అప్పుడు సరిచేద్దాం” అన్నాడు. నేనూ సరేనని వచ్చేశాను. ఆ తప్పే తరువాత మా పాలిట సాక్ష్యమవుతుందని అప్పుడు అనుకోలేదు.

గడిచిన మార్చిలో, యార్డు ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మకు ఫోన్ వచ్చింది. మాట్లాడినవాడు స్వచ్ఛమైన తెలుగులో, ఎంతో మర్యాదగా, “అమ్మగారూ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ, మీ 4 లక్షల డిపాజిట్ గడువు వచ్చే నెల 18న తీరిపోతోంది, ఇప్పుడే రెన్యూవల్ చేయించకపోతే ఎక్కువ వడ్డీ పోతుంది” అని మొదలుపెట్టాడు. సొమ్ము లెక్క సరిగ్గానే ఉంది. తేదీ కూడా సరిగ్గానే ఉంది. ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలూ, పాన్ కార్డులో మొదటి అక్షరాలూ వాడే చదివి వినిపించాడు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతున్నామని, దాన్ని నొక్కితే ఫారం తెరుచుకుంటుందని చెప్పాడు. ఫోనులో అలాంటి యాప్ ఫైలు ఒక్కసారి ఎక్కిందంటే, మనకు వచ్చే సందేశాలూ ఓటీపీలూ మనం చెప్పకుండానే అవతలివాడి చేతికి వెళ్లిపోగలవు. అమ్మ నమ్మింది. కళ్లజోడు తెచ్చుకోవడానికి లేవబోతుండగా వాడు మరింత నమ్మకం కలిగిద్దామనుకొని, “మీ నామినీ కనదుర్గ గారే కదండీ?” అని అడిగాడు.

“మా ఇంట్లో కనదుర్గ అనే మనిషే లేదు నాయనా, ఎవరికో చేయబోయి మాకు చేసినట్టున్నావు” అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ తరువాత మరో మూడుసార్లు మోగినా ఎత్తలేదు.

సాయంత్రం ఆమె ఈ సంగతి నవ్వుతూ చెబుతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. మా చెల్లెలిని ఇంట్లో దుర్గ అని పిలుస్తాం, ఆధార్‌లోనూ పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ కనకదుర్గ అని ఉంటుంది. ‘కనదుర్గ’ అన్న పేరు ఈ లోకంలో రెండే చోట్ల ఉంది. ఒకటి అమ్మ బీరువాలోని స్టీలు డబ్బాలో ఉన్న రసీదు, రెండోది బ్యాంకు వారి కంప్యూటరు. బీరువా తాళం అమ్మ కొంగుకే ఉంటుంది.

మర్నాడు ఉదయం రసీదు పట్టుకొని శాఖకు వెళ్లాను. హెల్ప్ డెస్క్‌లోని అమ్మాయి ఓపికగానే విన్నది, కానీ మొత్తం విన్న తరువాత అడిగిన ప్రశ్న ఒక్కటే: “అమౌంట్ ఏమైనా డెబిట్ అయిందా సార్?” కాలేదన్నాను. “అయితే ప్రాబ్లమ్ ఏం లేదు కదా సార్” అంది. మేనేజరు గారు లోపలికి పిలిచి కాఫీ తెప్పించారు గాని, ఆయన మాట కూడా అక్కడే తిరిగింది. వివరాలు శాఖలో ఉండవట, అన్నీ హెడ్డాఫీసు సర్వరులో ఉంటాయట, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దట. అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదని, చెప్పవలసినవన్నీ అవతలివాడే చెప్పాడని నేను రెండుసార్లు వివరించవలసి వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఇంటివాడా, బయటివాడా, లేక బ్యాంకు పని అప్పగించిన మరో సంస్థలోని వాడా అన్నది నేను తేల్చగలిగేది కాదు. కానీ ఇంట్లో దొంగతనం జరిగిందని చెబుతుంటే, తలుపులు గట్టిగా వేసుకోండి అని పొరుగువాడికి నీతులు చెప్పడం ఏం పద్ధతి?

బ్యాంకు యాప్‌లో ఫిర్యాదు పెట్టబోతే అసలు సంగతి తెలిసింది. అందులో కార్డు, ఏటీఎం, రుణం, చెక్కు, వడ్డీ అన్న విభాగాలున్నాయి, ఖాతాదారు వివరాలు బయటకు పోయాయని చెప్పుకొనే విభాగం లేదు. ‘ఇతరములు’ కింద రాసి, రసీదు ఫొటో జతచేశాను. నాలుగో రోజున ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. దాని కిందే మళ్లీ ఓటీపీ హితబోధ.

డబ్బు పోతే మనకు కొంత రక్షణ ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు ఖాతాదారుది కాక, బ్యాంకుదీ కాక మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, 3 పనిదినాల్లోగా తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడదు. లోపం బ్యాంకుదే అయితే ఆ గడువుతో కూడా పని లేదు. ఆ సొమ్మును బ్యాంకు 10 పనిదినాల్లో తాత్కాలికంగా జమ చేయాలి, ఖాతాదారుదే తప్పు అనుకుంటే దాన్ని నిరూపించే భారం కూడా బ్యాంకుదే. ఇదంతా రూపాయి కదిలినప్పటి మాట. పేరూ పానూ నామినీ పోయినప్పుడు కౌంటర్ దగ్గర అది నష్టంగానే లెక్కకు రాదు.

2016లో దేశంలో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటపడ్డాయన్న వార్త వచ్చినప్పుడు బ్యాంకులు కార్డులు మార్చి ఇచ్చాయి, పిన్నులు మార్చుకోమన్నాయి. అది అక్కడితో తీరేది. పుట్టిన తేదీకి, పాన్ నంబరుకు, చెల్లెలి పేరుకు మారు కార్డు ఎవరిస్తారు?

ఈ విషయం కోసం 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. వివరాలకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, అవి బయటకు పోయిన సంగతిని డేటా పరిరక్షణ బోర్డుకూ సంబంధిత వ్యక్తులకూ చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా ఉంటుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అయితే ముఖ్యమైన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. ఆ జరిమానా కూడా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు జమ అవుతుంది తప్ప ఖాతాదారు చేతికి రాదు.

శాఖవారు చెప్పవలసి ఉండీ చెప్పనివి కొన్ని, మా పక్క దుకాణంలోని కుర్రవాడి ద్వారా తెలిశాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు పోకపోయినా, ఇలాంటి అనుమానపు ఫోన్ల గురించి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’ అనే విభాగంలో తెలియజేయవచ్చు. బ్యాంకులు సేవల నిమిత్తం చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. అమ్మకు వచ్చింది మామూలు పది అంకెల మొబైల్ నంబరు. ఈ ఒక్క ముక్క ముద్రించి గోడకు అంటిస్తే ఎంతమంది పెద్దవాళ్లకు మేలు జరిగేదో, కానీ ఆ గోడ మీద ప్రస్తుతం బంగారు రుణాల ప్రకటన ఉంది.

ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి రాసిన లేఖకు, ‘మా వ్యవస్థలలో ఎటువంటి ఉల్లంఘన గుర్తించబడలేదు’ అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ తప్పు పేరు బయటకు ఎలా వచ్చిందన్న ప్రశ్నను వారు ముట్టుకోనే లేదు. దానితో, బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా అక్కడికి వెళ్లవచ్చు, రుసుమేమీ లేదు.

డిపాజిట్ గడువు తీరిన రోజున అమ్మను తీసుకొని మళ్లీ వెళ్లాను. పేరు సరిచేయడానికి చెల్లెలి ఆధార్ జిరాక్సు అడిగారు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే, పూర్తి నంబరు ఉన్నదే కావాలన్నారు. అదే బల్ల మీద ఎవరెవరివో ఆధార్ జిరాక్సులు ఒక క్లిప్పుకు కట్టి ఉన్నాయి, వాటి మీద మా ముందు వచ్చినాయన తన హెల్మెట్ పెట్టుకొని ఉన్నాడు. అన్నిటికన్నా పైనున్న కాగితం వెనక్కి తిప్పి ఉంది, ఖాళీగా ఉంది కదా అని దాని మీద ఎవరో టోకెన్ నంబర్ల కూడికలు వేసుకున్నారు. నేను ఆ కట్టనే చూస్తుంటే ఆ అమ్మాయి గమనించి, సొరుగులోకి తోసేసింది. చివరకు మేనేజరు గారితో మాట్లాడాక మాస్క్‌డ్ ఆధార్‌నే తీసుకున్నారు.

కౌంటర్ సేవకు ఐదుకు నాలుగు ఇస్తాను. వివరాల భద్రతకూ, ఫిర్యాదు విన్న తీరుకూ కలిపి ఒకటి, అది కూడా కాఫీ ఇప్పించినందుకు. డిపాజిట్‌లో సగం పోస్టాఫీసుకు మార్చాము, మిగతా సగానికి కొత్త రసీదు వచ్చింది. అందులో కనకదుర్గ పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. అమ్మ దాన్ని కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, నా వైపు తిరిగి, “ఆ తప్పు అలాగే ఉంచమని చెప్పకపోయావా? ఈసారి వాడు ఫోన్ చేస్తే నాకెలా తెలుస్తుంది?” అని అడిగింది.